పరుపుల వెనక పంపు

సినిమాల్లో పొగమంచు ఎక్కువగా ఎండాకాలంలో కురుస్తుంది. హీరోగారి డేట్లు ఎప్పుడు దొరికితే అప్పుడే చలికాలం. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఈ సంగతి నాకు తెలిసివచ్చింది. ఏప్రిల్ నెలలో, జూబ్లీ హిల్స్‌లోని ఒక బంగళా తోటలో, బండరాళ్ళ మధ్య శాలువాలు కప్పుకున్న నటీనటులు చలికి వణుకుతూ నిలబడితే, కెమెరా వెనక మేమందరం చెమటలు తుడుచుకుంటూ వాళ్ళ మీదికి మంచు వదిలేవాళ్ళం.

ఇప్పుడు నేను ఆ ఉద్యోగంలో లేను. వేరే కంపెనీలో, ఏసీ గదిలో కూర్చుని పైపులైన్ల డ్రాయింగులు సరిచూస్తాను. ఈ మధ్య మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయిలు, "మీరు షూటింగుల్లో పనిచేశారట కదా, చెప్పండి" అని వెంటపడ్డారు. వాళ్ళకు కావలసింది హీరోగారి ముచ్చట్లు. నాకు చెప్పాలనిపించింది ఒక పంపు సంగతి. అయితే ఎదురుగా కూర్చుని చెప్పడం నాకు చేతకాదు. నలుగురిలో గొంతు పెగలదు. చిన్నప్పటినుంచీ డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి, రాయమంటే రాస్తాను. ఇది వాళ్ళ కోసం, వాళ్ళలాగే కొత్తగా ఇలాంటి పనుల్లోకి వచ్చేవాళ్ళ కోసం.

మా ఆఫీసు ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియో కింద సెల్లార్‌లో ఉండేది. పైన ఎవరో ఏడుస్తుంటే, కేకలు పెడుతుంటే, కింద మేము పైపులు చుట్టుకునేవాళ్ళం. వాన, మంచు, తడిసిన రోడ్డు, ఇలా షూటింగులకు నీళ్ళతో ఏ అవసరం వచ్చినా సామానునీ మనుషుల్నీ పంపడం మా కంపెనీ పని. బీమా వాళ్ళు సెట్లో సేఫ్టీ మనిషి ఉండాలని పట్టుబట్టడంతో, మెకానికల్ చదివి ఖాళీగా ఉన్న నన్ను మా ఓనరుగారు తీసుకున్నారు. అమ్మ చర్చిలో అందరికీ "మా అమ్మాయి సినిమాల్లో ఉందండీ" అని గట్టిగా చెప్పి, ఆ తర్వాత "నీళ్ళ పంపుల దగ్గర" అని మెల్లగా చెప్పేది.

మొదటిరోజు సెట్లో నన్ను పలకరించిన మనిషి వానన్న. అసలు పేరు వేరే ఉంది గాని, యూనిట్లో అందరికీ ఆయన వానన్నే. ఇరవై ఏళ్ళుగా సినిమాల్లో వాన కురిపిస్తున్నాడు. ఇల్లు బోరబండలో. మనిషి బక్కపలచగా ఉంటాడు. షాటుకూ షాటుకూ మధ్య ఎక్కడ నీడ దొరికితే అక్కడ క్యారమ్స్ బోర్డు పరిచేవాడు. లైట్‌మెన్, డ్రైవర్లు, మేకప్ వాళ్ళు వరసగా వచ్చి ఓడిపోయి వెళ్ళేవాళ్ళు.

"మేడమ్, ఏం జేస్తరు మీరు?" అని అడిగాడు, బోర్డు మీంచి తల ఎత్తకుండానే.

"సేఫ్టీ అండీ."

"అంటే?"

"ఎవరికీ దెబ్బ తగలకుండా చూడటం అండీ."

"మరి తగిల్తె?"

అక్కడున్న డ్రైవరు నవ్వాడు. వానన్న స్ట్రైకర్ మీద చూపుడువేలు ఆనించి, కాస్త గురి చూసి, ఎర్రదాన్ని మూలకు పంపించి, "ఏం ఫికర్ లేదు మేడమ్. తగిలినంక ఆలోచిద్దాం" అన్నాడు.

నా చేతిసంచిలో ఎప్పుడూ ఒక నవల, ఒక ఎర్ర తాళం ఉండేవి. నవల సంగతి సరే. తాళం నాకు శిక్షణలో ఇచ్చారు. పంపును ఎవరైనా బాగుచేస్తున్నప్పుడు దాని స్విచ్చుకు ఆ తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి; పని అయ్యేదాకా ఇంకెవరూ స్విచ్చు వెయ్యడానికి వీలుండకూడదు. సెట్లో దాన్ని చూసి "మేడమ్ సైకిల్ తాళం" అనేవాళ్ళు. అదే శిక్షణలో ఒక ఫోటో చూపించారు. ఒక మనిషి చూపుడువేలు. పైన సూదితో పొడిచినట్టు చిన్న చుక్క. తర్వాతి ఫోటోలో ఆ చెయ్యే ఉంది గాని వేలు లేదు.

ఆ ఫోటోకూ మంచుకూ సంబంధం ఏమిటో చెప్పాలి. వాన కురిపించడానికి మామూలు పంపు చాలు. పొగమంచుకు చాలదు. నీటిని వెంట్రుకంత రంధ్రాల్లోంచి విపరీతమైన ఒత్తిడితో తోస్తేనే అది గాలిలో తేలేటంత సన్నగా చీలుతుంది. మా మంచు పంపు ఒత్తిడి డెబ్భై బార్లు. ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చే ఒత్తిడి ఒకటో రెండో బార్లు ఉంటుంది. రంధ్రాల్లోంచి బయటికొచ్చిన మంచు మనిషిని ఏమీ చెయ్యదు, ముఖానికి హాయిగా ఉంటుంది. ఏప్రిల్ ఎండకు మేకప్ వాళ్ళు గొడుగులు మూసేసి మరీ దాని కింద నిలబడేవాళ్ళు. కానీ అదే నీరు పంపునుంచి వచ్చే రబ్బరు పైపులో ఎక్కడైనా చిల్లి పడి బయటికి వస్తే, సూదిలాగా చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. బట్ట చేతితొడుగులు దాన్ని ఆపలేవు.

అందుకే పైపు కారుతోందేమోనని అనుమానం వస్తే చేత్తో తడమకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. నేను అట్టపెట్టెలు కోసి, అరచేతి వెడల్పున ముక్కలు చేసి, పైపు వచ్చి ఆగే వాల్వు స్టాండు దగ్గర కట్టగా పెట్టాను. గంటలోపల అవన్నీ యూనిట్ చేతుల్లో విసనకర్రలయ్యాయి. హీరోగారి మేనేజరు కూడా ఒకటి పట్టుకుని విసురుకుంటూ కనిపించారు. ఆయన్ను అడిగే ధైర్యం నాకు లేక మళ్ళీ కొత్తవి కోశాను.

ఆ సినిమాలో పొగమంచు సన్నివేశం చాలా ముఖ్యమైనదట. హీరో, అతని తండ్రి చాలా ఏళ్ళ తర్వాత కొండ మీద కలుసుకుంటారు. గొంతు పెంచకుండా, దాదాపు గుసగుసగా మాట్లాడుకుంటారు. దర్శకుడు ఆ మాటలు తర్వాత డబ్బింగ్‌లో కాదు, అక్కడికక్కడే రికార్డు కావాలన్నారు. మా పంపు మోత మీకు తెలియదు. పక్కనుంటే మనిషి మాట వినపడదు. సౌండు రికార్డిస్టు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, "ఇక్కడ కొండ లేదు, పిండిమర ఉంది" అన్నారు.

దాంతో పంపును తోటలోంచి తీసి, బంగళా వెనక కార్లు పెట్టే షెడ్డులోకి మార్చారు. అయినా మోత తగ్గలేదు. అప్పుడు, దర్శకుడి తరఫున సెట్టంతా నడిపే కో-డైరెక్టరుగారు ప్రొడక్షన్ వాళ్ళచేత పరుపులు తెప్పించి దాని చుట్టూ నిలబెట్టించారు. పంపు వేడెక్కకుండా గాలికి ఒకవైపు వదలమని నేను చెప్పాను, వదిలారు. పొడుగాటి పైపు గోడ పక్కనుంచి తోటలోకి వచ్చి, వాల్వు స్టాండు దగ్గర ఆగేది. అక్కడినుంచి పైన కొమ్మలకు కట్టిన సన్నటి స్టీలు గొట్టాల్లోకి నీరు వెళ్ళేది. దర్శకుడు "యాక్షన్" అనేముందు వానన్న వాల్వు తెరిచేవాడు, "కట్" అనగానే మూసేవాడు. మోటారును మాత్రం ఆపేవాళ్ళం కాదు. ఆపి మళ్ళీ మొదలుపెడితే గొట్టాల్లో గాలి చేరి మంచు తుంపర్లుగా పడేది. అంటే వాల్వు మూసినా, పంపునుంచి వచ్చే పైపులో ఒత్తిడి అలాగే ఉండేది.

తోట ఎంత నిశ్శబ్దంగా మారిందంటే, పక్కింట్లో పనావిడ బట్టలు దులపడం కూడా వినిపించేది. రికార్డిస్టు చేతులెత్తి దణ్ణం పెట్టారు. నాకూ బాగానే అనిపించింది. అందరికీ బాగున్న ఆ నిశ్శబ్దమే మాకు ముప్పు తెచ్చింది. ఫ్యాక్టరీలో పంపు నడుస్తుంటే దాని మోతే మనిషిని హెచ్చరిస్తుంది. ఎంత అలవాటున్నవాడైనా ఆ చప్పుడు వింటూ పైపు మీద చెయ్యి వెయ్యడు. మా తోటలో ఏ చప్పుడూ లేదు. పైగా సినిమావాళ్ళకు ఒక అలవాటు ఉంది. "కట్" అంటే అంతా ఆగినట్టే. నటులు ఏడుపు ఆపేస్తారు, ఫ్యాన్లు ఆగుతాయి, చచ్చిపోయినవాళ్ళు లేచి టీ తాగుతారు. ఆ మాట తర్వాత ఇంకా ఏదో నడుస్తూనే ఉంటుందని ఎవరికీ తోచదు.

ఆరోజు పొద్దుటినుంచి పని చకచకా సాగింది. మధ్యాహ్నం హీరోగారు విమానం ఎక్కాలి. తండ్రి వెనక్కి తిరిగి మంచులోకి నడిచి వెళ్ళిపోయే ఆఖరి షాటు మిగిలింది. ఒక టేకు అయింది. "కట్" అన్నారు. వానన్న వాల్వు మూశాడు, మంచు విడిపోయింది.

"మంచు పలచబడిందేంటి వానన్నా?" అని కో-డైరెక్టరుగారు కుర్చీలోంచి అరిచారు. ఆయన యూనిట్లో అందరికన్నా పెద్దాయన. "తండ్రిగారి పంచె అంచు కూడా కనపడుతోంది. కొండ మీద ఉన్నట్టు లేదు, బాత్రూంలో ఉన్నట్టుంది."

"జర ఆగుండ్రి సార్, ఏడనో కారుతున్నట్టుంది" అంటూ వానన్న వంగాడు. వాల్వు స్టాండు కింద గడ్డి తడిసి ఉంది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆయన పైపును ఎడమచేత్తో ఎత్తి, కుడిచేతి చూపుడువేలితో దాని కిందివైపు తడుముకుంటూ పోవడం చూశాను. "అన్నా, వద్దు" అన్నాను. అనే అనుకుంటున్నాను. నా గొంతు నాకే వినపడిందో లేదో.

"స్స్" అని ఆయన చెయ్యి విదిలించాడు.

దగ్గరికి వెళ్ళి చూశాను. వేలి కొసన చిన్న చుక్క. రక్తం కూడా సరిగ్గా రాలేదు. కానీ ఆ వేలు అప్పుడే పక్కవేళ్ళకన్నా కొంచెం నిండుగా, పాలిపోయినట్టు కనిపించింది. నాకు ఆ ఫోటో గుర్తొచ్చింది.

"ఆసుపత్రికి వెళ్ళాలన్నా. ఇప్పుడే."

"దీనికా?" అని వేలిని నాకే చూపించాడు. "ముల్లు గుచ్చుకున్నట్టుంది, గంతే. నొప్పి గూడ లేదు. కొంచెం తిమ్మిరి."

"నొప్పి లేకపోయినా సరే. నీళ్ళు లోపలికి వెళ్ళాయి. ఆలస్యమైతే వేలు తీసెయ్యాల్సి వస్తుంది."

"ఏందమ్మా, గట్ల భయపెడ్తవు? నేను పోతె వాల్వు ఎవరు పడ్తరు? ఒక్క షాటే గదా. టేపు సుట్టి కానిస్త. అయినంక పోదాం తియ్."

కో-డైరెక్టరుగారు వచ్చారు. వేలు చూసి, నన్ను చూశారు. ఆయనేమీ చెడ్డమనిషి కాదు. నేను అన్నం తినకుండా పని చేస్తుంటే పిలిచి తినిపించిన మనిషి. "ఒక్క షాట్ అమ్మా. అరగంట. హీరోగారు వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతారో దేవుడికి తెలియాలి. అయ్యాక నా కార్లోనే పంపిస్తాను, సరేనా? కాస్త పసుపు పెట్టండిరా ఎవరైనా."

అక్కడ నేను గట్టిగా వాదించి ఉండాలి. నవలల్లో అయితే అలాంటి చోట అమ్మాయి ఒక పేజీ మాట్లాడుతుంది. నాకు ఒక్క వాక్యం కూడా రాలేదు. చుట్టూ వందమంది. అందరూ నావైపే చూస్తున్నట్టు అనిపించింది. తల దించుకుని, "సరేనండీ" అన్నట్టుగానే అక్కడినుంచి నడిచాను.

బంగళా వెనక్కి వెళ్ళాను. పరుపు జరిపేసరికి మోత ఒక్కసారిగా మీద పడింది. మోటారు ఆపాను. పక్కనున్న చిన్న కుళాయి తిప్పి, పైపులో మిగిలిన నీటి ఒత్తిడంతా కాలువలోకి వదిలేశాను. గడియారంలాంటి మీటరులో ముల్లు సున్నా దగ్గర ఆగేదాకా చూశాను. తర్వాత స్విచ్చుకు నా ఎర్ర తాళం వేసి, తాళంచెవి సంచిలో నవల పక్కన పడేశాను. ప్రొడక్షన్ కారు డ్రైవరుకు బండి తియ్యమని చెప్పి, తిరిగి తోటలోకి వచ్చాను.

అప్పటికే వానన్న వాల్వు తిప్పుతున్నాడు. మంచు లేదు.

"పంపు ఆగిందేంటి?" అన్నారు కో-డైరెక్టరుగారు.

"తాళం వేశానండీ."

"తాళం వేశావా? చెవి ఏదమ్మా?"

"నా దగ్గరుందండీ. నేను అన్నను తీసుకుని ఆసుపత్రికి వెళ్తున్నానండీ."

చిన్నగానే అన్నాను. సెట్టంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అందరికీ వినపడింది. రికార్డిస్టు హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నారు. హీరోగారి మేనేజరు చేతిలో అట్టముక్క ఆగిపోయింది. కో-డైరెక్టరుగారి ముఖం ఎర్రబడింది. నా ఉద్యోగం ఆ క్షణమే పోయిందనుకున్నాను. వానన్న మాత్రం చేతిలో ఉన్న వాల్వునూ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇంక నేనుండి ఏం జెయ్యాలె సార్? నీళ్ళే లేవాయె" అని చెప్పులేసుకున్నాడు.

కార్లో ఆయన ఉంగరం తీయించాను. చెయ్యి పైకి ఎత్తి పట్టుకోమన్నాను. సిగ్నల్ దగ్గర పక్క కారులోవాళ్ళు ఆయన ఎవరికో టాటా చెప్తున్నాడనుకుని చేతులూపారు. ఆయన కూడా ఊపాడు. టీకి ఆపమంటే, ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుందేమో, కడుపు ఖాళీగా ఉండాలన్నాను.

"ఆపరేషనా? చుక్కకు?" అని ఎత్తిన వేలిని చూసుకున్నాడు. బంజారా హిల్స్ దిగుతుండగా మెల్లగా, "ఇప్పుడు జర గుంజుతున్నది చెల్లె" అన్నాడు. అప్పటిదాకా ఆయన నన్ను చెల్లె అని పిలవలేదు.

ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరు నా వయసు అమ్మాయే. వేలు చూసి, టీటీ ఇంజెక్షన్ చేసి కట్టు కడదామంది. చూడటానికి అంతే ఉంది మరి. కారులో దారిపొడుగునా మనసులో వల్లెవేసుకున్న వాక్యం అప్పగించాను: "మేడమ్, ఇది ముల్లు కాదు. డెబ్భై బార్ల ఒత్తిడి ఉన్న పైపు చిల్లిలోంచి ట్యాంకరు నీళ్ళు లోపలికి కొట్టాయి." ఆ అమ్మాయి కట్టు పక్కన పెట్టేసి, వేలి మొదట్లో, అరచేతిలో నొక్కి చూసింది. వానన్న కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. ఆమె వెంటనే ఫోను తీసి చేతుల సర్జన్‌ను పిలిచింది.

సాయంత్రానికి వేలిని కొసనుంచి మొదలుదాకా తెరిచి, లోపల చేరిన మురికినీటిని కడిగారు. గాయాన్ని వెంటనే కుట్టకుండా వదిలారు. సర్జన్ బయటికొచ్చి, "లోపల వాపు రక్తాన్ని అడ్డుకోవడం మొదలైంది. వేలు నిలుస్తుందనే అనుకుంటున్నా. రెండు రోజులు చూడాలి. రేపు తెచ్చి ఉంటే ఈ మాట అనేవాణ్ణి కాదు" అన్నారు.

బోరబండనుంచి వానన్న భార్య వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని, నోరు మాత్రం తగ్గలేదు. "వేలు పోతె మంచిదే ఉండె. క్యారమ్స్ బంద్ జేసి జల్ది ఇంటికొస్తుండె" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

చీకటిపడే వేళకు కో-డైరెక్టరుగారు వచ్చారు, చేతిలో యాపిల్‌పళ్ళ సంచితో. షాటు ఆగిపోయింది. హీరోగారు వెళ్ళిపోయారు. ఆయన కట్టు కట్టిన చేతిని చూశారు, సర్జన్ చెప్పింది విన్నారు, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నారు.

"పళ్ళు ఇతనికి" అన్నారు చివరకు నాతో. "తాళంచెవి నాకు."

ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతే ఉందేంటమ్మా ఇది! దీనికి నా షెడ్యూలంతా ఆగిపోయింది" అన్నారు. తిడుతున్నారనుకున్నాను. వానన్న మంచం మీంచి, "సైకిల్ తాళం గాదు సార్ అది" అన్నాడు. ముగ్గురం నవ్వాం. నాకు నవ్వుతోపాటు ఏడుపు కూడా వచ్చింది, బయటికెళ్ళి కాసిని మంచినీళ్ళు తాగాను.

మా ఓనరుగారు మర్నాడు పిలిచి అరగంట కేకలేశారు. తర్వాత, ఇలాంటిది మళ్ళీ జరగకుండా ఏం చెయ్యాలో చెప్పమన్నారు. అట్టముక్కల సంగతి చెప్పాలనుకున్నాను. కానీ అవి అక్కడే ఉన్నాయి కదా, ఉండి ఏం లాభం? చెయ్యి పెట్టే చోట నిలబడ్డ మనిషికి, గోడ వెనక కనపడని పంపు నడుస్తోందని తెలియాలి. చెవికి తెలిసే వీలు లేకపోతే కంటికి తెలియాలి. అందుకని పంపు మోటారుకు కలిపి ఒక వైరు లాగి, వాల్వు స్టాండు నెత్తిన ఎర్రబల్బు పెట్టించాం. మోటారు నడిచినంతసేపూ అది వెలుగుతుంది. అది ఆరి, మీటరు సున్నా చూపించేదాకా పైపు ముట్టుకోకూడదు.

రెండు నెలల తర్వాత హీరోగారు దొరికారు. అదే తోట, అదే మంచు, కొత్త పైపు. వానన్న కూడా వచ్చాడు. వాల్వు ఎడమచేత్తో తిప్పుతున్నాడు. కెమెరామెన్‌కు మా బల్బు నచ్చలేదు. "కొండ మీద ఎర్ర లైటేంటండీ? రైల్వే గేటా?" అన్నారు. నేనేమీ అనకముందే కో-డైరెక్టరుగారు, "అది ఆరదు. మీరే ఫ్రేము జరుపుకోండి" అన్నారు. దాని ముందు ఒక రేకు అడ్డం పెట్టి సర్దుకున్నారు.

సినిమా విడుదలయ్యాక వానన్న, ఆయన భార్య, నేను ఉదయం ఆటకు వెళ్ళాం. తండ్రి వెనక్కి తిరిగాడు. మంచులోకి నడుస్తున్నాడు. హాలంతా ముక్కులు చీదుతోంది. గాలికి మంచు ఒకవైపు ఒరిగి, ఆ రేకు అంచున, తెర ఎడమ మూలన మిణుగురంత ఎర్రటి మెరుపు కనిపించింది. ముందువరసలో ఎవరూ దాన్ని చూసినట్టు లేదు.

వానన్న ముందుకు వంగి, భార్యకు చూపించడానికి కుడిచెయ్యి ఎత్తాడు. ఆ చూపుడువేలు ఇప్పుడు పూర్తిగా చాచుకోదు. కొసన కొంచెం వంగే ఉంటుంది. దాంతో చూపిస్తే అది తెరవైపు కాక, ముందు కూర్చున్నాయన నెత్తివైపు చూపించినట్టుంది.

"గదే" అన్నాడు మెల్లగా. "నడుస్తున్నది."